టోక్యో నగరమున తొలి దినములు

జపాను దేశపు రాజధానియగు టోక్యో ప్రపంచమునందలి మహానగరములలో ఒకటి. పూర్వము దీనికి ‘ఎదో’ అని పేరు. 1603లో తొకుగవ ఇఎయాసు అను సేనాధిపతి దీనిని తన పాలనకు కేంద్రముగా చేసికొనెను. 1868లో దీనికి ‘టోక్యో’ అను పేరు కలిగెను. ఆ మాటకు తూర్పు రాజధాని అని అర్థము. నేడు టోక్యో పాలనాప్రాంతమున సుమారు ఒక కోటి 40 లక్షలమంది నివసించుచున్నారు. 1958లో కట్టిన 333 మీటర్ల టోక్యో టవరును, 2012లో తెరచిన 634 మీటర్ల స్కైట్రీ గోపురమును చూచి యాత్రికులు ఆశ్చర్యపడుదురు.

కాని చదువు కొరకు అచ్చటికి క్రొత్తగా పోయిన విద్యార్థికి మొదట కలుగు అనుభవము వేరు. స్వదేశమున పట్టభద్రుడైనవాడు ఆ నగరమున అడుగిడిన క్షణముననే నిరక్షరుడగును. దుకాణపు పలకను చదువలేడు. మందుసీసామీది చీటీని చదువలేడు. తలుపుమీద వ్రాసిన మాట ‘లోనికి రండు’ అనునదియో, ‘రాకూడదు’ అనునదియో ఎరుగడు. ఇట్టివానిని ఆ నగరము ఎట్లు ఆదరించునో, ఆ ఆదరణ వెనుక ఎట్టి చరిత్ర కలదో, తొలి వారమున నేను చూచి తెలిసికొన్నంత ఇచ్చట వ్రాయుచున్నాను.

జపానులో విద్యాసంవత్సరము ఏప్రిల్ నెలలో ఆరంభమగును. అందుచే నేను మార్చి చివరి వారమున నరితా విమానాశ్రయమున దిగితిని. అది నగరమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. మన దేశమున ఉదయము ఆరు గంటలైనప్పుడు అచ్చట తొమ్మిదిన్నర గంటలు. ఎండ కాయుచున్నను గాలి చల్లగా నుండెను. రైలు కిటికీనుండి చూడగా వరిమళ్లును, వెదురుపొదలును, పెంకుటిండ్లును కనబడెను. క్రమముగా పొలములు తరిగి, మేడలు పెరిగి, చివరకు మేడలు తప్ప మరియొకటి కనబడకుండెను.

నిప్పొరి అను స్టేషనున నేను వేరొక రైలునకు మారవలసియుండెను. ఆ రైలుమార్గము పేరు యమనొతె. అది నగరమధ్యమును వడ్డాణమువలె చుట్టివచ్చును. దాని పొడవు 34.5 కిలోమీటర్లు, స్టేషనులు 30, ఒక చుట్టు తిరుగుటకు సుమారు ఒక గంట పట్టును. స్టేషను గోడమీద రైలుమార్గముల పటమొకటి వ్రేలాడుచుండెను. పలు వన్నెల గీతలు సాలెగూడువలె అల్లుకొనియున్న ఆ పటమును చూడగానే గుండె ఝల్లుమనెను. కొంతసేపు నిలిచి చూచిన పిమ్మట అందలి క్రమము తెలియవచ్చెను. ప్రతి మార్గమునకును ఒక రంగు కలదు. ప్రతి స్టేషనునకును ఒక సంఖ్య కలదు. యమనొతె మార్గపు రంగు లేత చిగురు రంగు. గింజా అను భూగర్భ మార్గపు రంగు నారింజ. దానిలో షిబుయ స్టేషను సంఖ్య 1, ఉఎనో సంఖ్య 16, అసకుస సంఖ్య 19. పేరు చదువలేనివాడును 16లో ఎక్కి 19లో దిగగలడు. టోక్యో భూగర్భ రైలు స్టేషనులకు ఈ సంఖ్యలు 2004లో ఏర్పడినవి.

స్టేషనులో ఎటు చూచినను చిన్న చిన్న బొమ్మలు కనబడెను. స్త్రీ పురుషుల ఆకారములు మరుగుదొడ్లను, సంచి బొమ్మ సామాను భద్రపరచు చోటును సూచించును. 1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అనేక దేశములనుండి వచ్చువారికి తమ భాష తెలియదు. అందరి భాషలలోను పలకలు వ్రాయుట సాధ్యము కాదు. అప్పుడు కత్సుమి మసారు అను కళావిమర్శకుని ఆధ్వర్యమున కొందరు యువ చిత్రకారులు కూడి, మాటలకు బదులుగా బొమ్మలను క్రమపద్ధతిలో రచించిరి. ఆ బొమ్మలపై తమకు గల హక్కును విడిచి వానిని లోకమునకు ఇచ్చివేసిరి. ఆపదవేళ బయటికి పోవు దారిని చూపుటకు తలుపువైపు పరుగెత్తు మనిషి బొమ్మ యొకటి కలదు. మన నగరములలోని పెద్ద భవనములలోను మీరు దానిని చూచియుందురు. అదియు జపానులో పుట్టినదే. 1980 దశకమున అది అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడెను.

ఈ బొమ్మలను చూచుచుండగా మా మేనత్త నాకు జ్ఞాపకమునకు వచ్చినది. ఆమెకు అక్షరము రాదు. మా ఊరి బస్సుస్టాండులో బస్సు ముందరి పలకమీది అక్షరముల వంపులను, బండి రంగును, అది వచ్చు వేళను గుర్తుపెట్టుకొని ఎక్కెడిది. క్రొత్త ఊరికి పోవలసివచ్చినపుడు, “బాబూ, ఈ బస్సు తుని పోవునా?” అని ప్రక్కవారిని అడిగెడిది. కొందరు మర్యాదగా చెప్పెడివారు. కొందరు “పలకమీద వ్రాసియున్నది కదా!” అని విసుగుకొనెడివారు. వ్రాసియున్నదను సమాధానము చదువగలవానికే పనికివచ్చును. ఆ మాట ఎంత లోతుగా గ్రుచ్చుకొనునో చదువరాని పలకలనడుమ నిలిచినవానికి బాగుగా తెలియును.

వసతిగృహమున నాకంటె రెండేండ్లు ముందుగా వచ్చిన రాజమహేంద్రవరపు విద్యార్థి యొకడు ఉండెను. తెలుగుమాట చెవిని పడగానే ప్రయాణపు బడలిక సగము తీరెను. నా గదిలో గోడమీద అంటించిన పెద్ద పట్టికను చూపి, “అన్నగారూ, ఇందులో ఏమి వ్రాసియున్నది?” అని అడిగితిని.

అతడు నవ్వి, “తమ్ముడూ, వ్రాసినదానిని విడువుము, బొమ్మలను చూడుము” అనెను. చూచితిని. ఒక గడిలో మంట బొమ్మ, ఒక గడిలో సీసా, ఒక గడిలో కాగితపు కట్ట. మండు చెత్తను, మండని చెత్తను, సీసాలను, పాత కాగితములను వేర్వేరుగా కట్టి, వేర్వేరు దినములయందు బయట పెట్టవలెనని ఆ పట్టిక చెప్పుచుండెను. టోక్యో వీథులలో చెత్తకుండీలు చాల అరుదు. దారిలో తిన్న పండు తొక్కను చాలమంది సంచిలో పెట్టుకొని ఇంటికి కొనిపోవుదురు.

“ఇచ్చట మొదటి దినమున నేనును నీవలెనే నిరక్షరుడను. సిగ్గుపడకుము. తెలియనిది అడుగుము. కాని ముందు అక్షరములు నేర్చుకొనుము, తెలుగువానికి అది కష్టము కాదు” అని చెప్పి, ఆ రాత్రియే అతడు నాకు అక్షరాభ్యాసము చేసెను.

జపాను భాషను మూడు విధములైన లిపులతో వ్రాయుదురు. హిరగాన, కతకాన అను రెండింటిలో మూలాక్షరములు నలుబదియారు చొప్పున కలవు. మూడవది కంజి, ఇది చైనానుండి వచ్చిన భావలిపి. నిత్యవ్యవహారమునకు 2,136 కంజి అక్షరములను ప్రభుత్వము నిర్ణయించినది. ప్రాథమిక పాఠశాల ముగియులోగా పిల్లలు వీనిలో వేయికి పైగా నేర్చుకొందురు. హిరగాన పట్టికను చూడగా నాకు ఆశ్చర్యము కలిగెను. ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ అని అచ్చులు. పిమ్మట ‘క, కి, కు, కె, కొ’ అని మన గుణింతమువంటి వరుస. ఆ తరువాత స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. కంఠమున పుట్టు ధ్వనినుండి పెదవులపై పుట్టు ధ్వనివరకు అక్షరములను అమర్చు మన దేశపు పద్ధతియే దీనికి మూలము. బౌద్ధ గ్రంథముల కొరకు సంస్కృతాక్షరములను అభ్యసించిన పూర్వపు జపాను భిక్షువులవలన ఆ క్రమము వారి భాషకు చేరెను.

వాక్యము కూడ మన వాక్యమువలెనే నడచును. ‘నేను టోక్యోకు పోవుదును’ అనుటకు వారు ‘వతాషి వ తోక్యో ని ఇకిమసు’ అందురు. వారి ‘ని’ మన ‘కు’ వంటిది. క్రియ చివర వచ్చును. ‘ఇది స్టేషనా?’ అనునపుడు మనము చివర ‘ఆ’ చేర్చినట్లు వారు చివర ‘కా’ చేర్చుదురు. కావున మాటలు దొరికిన చాలును; తెలుగు వాక్యపు అచ్చులో వానిని పోయవచ్చును.

మరునాడు ఉదయము వీథిలోనికి పోయితిని. అడుగులక్రింద పసుపుపచ్చని పలకలు కనబడెను. కొన్నింటిపై నిడుపు గీతలు, కొన్నింటిపై బొడిపెలు ఉండెను. అవి అంధుల కొరకు వేసినవి. గీతలున్న పలకలు ‘సాగిపొమ్ము’ అనియు, బొడిపెలున్న పలకలు ‘ఆగుము, జాగ్రత్త’ అనియు పాదములకు చెప్పును. మియకె సెయిచి అను జపాను దేశీయుడు 1965లో వీనిని కనిపెట్టెను. 1967లో ఒకయామ నగరమున, అంధుల పాఠశాల సమీపమునందలి వీథిలో మొట్టమొదట వీనిని వేసిరి. నేడు మన రైల్వే ప్లాటుఫారములమీదను ఇట్టి పలకలు కలవు. కొన్ని కూడళ్లయందు దారి దాటవచ్చునని తెలుపుటకు పక్షికూతవంటి ధ్వని వినబడును. పసుపుపచ్చని టోపీ ధరించిన చిన్న పిల్లలు పెద్దల తోడు లేకుండ గుంపుగా బడికి పోవుట తరువాతి వారములలో చూచితిని. ఆ టోపీని చూచి బండ్లవారు దూరమునుండియే వేగము తగ్గింతురు.

భోజనశాలల ముందు అద్దపు బీరువాలలో వంటకములు అమర్చియుండెను. అన్నము, పులుసు, కూరముక్కలు అన్నియు నిజమైనవే అనిపించెను. అవి నిజముగా నమూనాలు. పూర్వము మైనముతో చేసెడివారు; ఇప్పుడు ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. వంటకపు పేరు పలుకలేనివాడు నమూనాను వ్రేలితో చూపినను ఆకలి తీర్చుకొనవచ్చును.

మూడవనాడు పుస్తకముల కొరకు షింజుకు పోవలసివచ్చెను. షింజుకు స్టేషను జనసమ్మర్దమునకు ప్రసిద్ధము. 2018 నాటి లెక్క ప్రకారము దినమునకు సుమారు 35 లక్షలమంది దాని గుండ పోయిరి. దానికి రెండువందలకు పైగా ద్వారములు కలవు. అంత జనము కదలుచున్నను కేకలు వినబడవు. ప్లాటుఫారముమీద గీసిన గీతల వెంబడి వరుసలు కట్టి, దిగువారు దిగినపిమ్మటనే ఎక్కుదురు.

వెలుపలికి వచ్చినపిమ్మట నా చేతిలోని చిరునామాతో దారి తెలిసికొనుట సులభముగా లేకుండెను. టోక్యోలో పెక్కు వీథులకు పేర్లు లేవు. చిరునామాలో పేట పేరు, దానిలో ఉపభాగపు సంఖ్య, అందులోని ఇండ్ల గుంపు సంఖ్య, ఇంటి సంఖ్య మాత్రముండును. కూడళ్లయందలి ‘కోబాన్’ అను చిన్న పోలీసు గదులు దారి అడుగువారికి ఆశ్రయమగుచున్నవి. నేను పోయి, “సుమిమసెన్” అని పలికి చీటీ చూపితిని. ఆ మాటకు ‘మన్నింపుడు’ అని అర్థము. అచ్చటి ఉద్యోగి పెద్ద పటమును పరచి, వ్రేలితో దారి గీచి, ఎన్ని కూడళ్లు దాటవలెనో వ్రేళ్లు మడచి లెక్కపెట్టి చూపెను. మా నడుమ పట్టున పది మాటలైనను జరుగలేదు. అయినను దారి తెలిసెను.

షింజుకులో ‘నకమురయ’ అను పేరుగల దుకాణము కలదు. దానిని చూచినపుడు భారతీయుడగు ప్రతి విద్యార్థియు ఒక క్షణము నిలువవలెను. 1915లో విప్లవవీరుడు రాస్ బిహారీ బోసు బ్రిటిషువారి చేతికి చిక్కక తప్పించుకొని జపాను చేరెను. బ్రిటిషువారి ఒత్తిడివలన జపాను ప్రభుత్వము ఆయనను దేశము విడిచిపొమ్మని ఆజ్ఞాపించెను. అప్పుడు నకమురయ యజమానులగు సోమా దంపతులు, పరదేశియు, తమ భాష సరిగా రానివాడును అగు ఆ యువకుని తమ దుకాణము వెనుకటి ఇంటిలో కొన్ని నెలలపాటు దాచిరి. పట్టుబడినచో తమకు కలుగు ఆపదను వారు ఎరుగకపోలేదు. 1918లో వారి కుమార్తె తొషికో ఆయనను వివాహమాడెను. 1927లో ఆ దుకాణమువారు బోసు నేర్పిన భారతీయపు కూరను భోజనశాలలో వడ్డింప నారంభించిరి. నేటికిని ఆ కూర అచ్చట లభించును.

నాలుగవనాడు ఉఎనో ఉద్యానమునకు పోయితిని. 1882లో స్థాపించిన జంతుప్రదర్శనశాల అందులోనే ఉన్నది. ఈ శాల చరిత్రలో మన దేశమునకు సంబంధించిన ఘట్టమొకటి కలదు. 1943లో, యుద్ధకాలమున, బాంబులు పడినచో క్రూరమృగములు బోనులు విడిచి పోవునను భయముచే వానిని చంపుటకు అధికారులు ఆజ్ఞ యిచ్చిరి. మూడు ఏనుగులకు ఆహారము మానివేసిరి. అవి ఆకలిచే మరణించెను. యుద్ధము ముగిసిన పిమ్మట టోక్యోలోని చిన్న పిల్లలు ఏనుగును బొమ్మలలో తప్ప చూడలేదు. తమకొక ఏనుగును పంపుమని వారు మన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారికి వందలకొలది లేఖలు వ్రాసిరి. 1949 సెప్టెంబరులో నెహ్రూగారు మైసూరు ప్రాంతపు ఏనుగు నొకదానిని పంపి, దానికి తన కుమార్తె పేరు ‘ఇందిర’ అని పెట్టిరి. అది భారతదేశపు బాలబాలికలు జపాను బాలబాలికలకు ఇచ్చు కానుక అని వారు తమ లేఖలో తెలిపిరి. నాలుగేండ్ల క్రిందటనే యుద్ధమున మాడిపోయిన నగరమది. దాని వీథులలో మన ఏనుగు నడచుచుండగా చూచుటకు జనము విరుగబడి వచ్చిరి. ఇందిర 1983 వరకు జీవించెను.

ఉఎనోనుండి గింజా మార్గమున మూడు స్టేషనులు పోయి అసకుసలో దిగితిని. 1927లో తెరచిన ఈ భాగమే టోక్యోలోని మొట్టమొదటి భూగర్భ రైలుమార్గము. అసకుసలో ‘సెన్సోజి’ అను బౌద్ధాలయము కలదు. అచ్చట పూజింపబడు దేవత కన్నొన్. మన దేశమున అవలోకితేశ్వరుడని పేరుగన్న కరుణామూర్తియే ఆ దేవత. ద్వారమున పెద్ద ఎఱ్ఱని కాగితపు లాంతరు వ్రేలాడుచుండును. 1945లో బాంబులవలన ప్రధానాలయము దగ్ధమయ్యెను. 1958లో దానిని తిరిగి నిర్మించిరి. ఆవరణములో, నాటి మంటలకు మ్రోడై, మరల చిగిర్చిన గింకో చెట్టొకటి నేటికిని నిలిచియున్నది. మానుమీది మసిమచ్చను నేను చేతితో తాకి చూచితిని.

అచ్చటినుండి సుమిద నదిని దాటి, గట్టువెంట దక్షిణముగా నడచి యొకొఅమిచొ ఉద్యానమును చేరితిని. చెట్లనీడలో పిల్లలు ఆడుకొను ప్రశాంత స్థలమది. కాని ఆ నేల కథ వినదగినది.

1923 సెప్టెంబరు 1వ తేదీన మధ్యాహ్నము పండ్రెండు గంటలకు రెండు నిమిషముల ముందు గొప్ప భూకంపము వచ్చెను. వంటవేళ అగుటచే ఇండ్ల పొయ్యిలనుండి మంటలు లేచెను. చెక్క ఇండ్లు తాటాకులవలె అంటుకొనెను. ప్రాణములు దక్కించుకొనుటకు జనము సామానులతో ఈ ఖాళీస్థలమున చేరిరి. మంటలు సుడిగాలివలె వచ్చి చుట్టుకొనగా ఈ ఒక్క చోటనే సుమారు 38,000 మంది మరణించిరి. మొత్తముమీద మృతులును, కనబడకుండ పోయినవారును లక్షకు పైబడిరి. 1945 మార్చి 9వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, 10వ తేదీ తెల్లవారకమునుపు, అమెరికా విమానములు కురిపించిన నిప్పులవలన ఈ ప్రాంతముననే మరల సుమారు లక్షమంది మరణించిరి. ఈ రెండు విపత్తులలో మరణించినవారి అస్థికలను ఉద్యానములోని స్మారకమందిరమున భద్రపరచిరి.

ఆ ఉద్యానమున మరియొక శిల కలదు. దానిని 1973లో నిలిపిరి. 1923లో కొరియా జపాను పాలనలో నుండెను; అనేకులగు కొరియావారు టోక్యోలో కూలిపనులు చేయుచుండిరి. భూకంపము పిమ్మట, కొరియావారు బావులలో విషము కలుపుచున్నారనియు, ఇండ్లకు నిప్పు పెట్టుచున్నారనియు అబద్ధపు వదంతులు పుట్టెను. మూకలు కఱ్ఱలతో, కత్తులతో దారికడ్డముగా నిలిచి, వచ్చువారిచేత కొన్ని జపాను మాటలను పలికించిరి. పలుకుబడి వేరుగా వినబడినవారిని అక్కడనే చంపిరి. చైనీయులును, దూరపు యాసతో మాటలాడిన జపానువారును కొందరు ఇట్లే బలియైరి. చంపబడిన కొరియావారి సంఖ్య వేలలో నుండునని చరిత్రకారులలో పెక్కురు చెప్పుదురు. వారి స్మృతికై నిలిపినదే ఆ శిల. ప్రతి సంవత్సరము సెప్టెంబరు 1న దానియొద్ద సంతాపసభ జరుగును.

నేను ఆ శిలముందు చాలసేపు నిలిచితిని. నా నోటినుండియు ఆ భాషలో తప్పు పలుకులే వచ్చుచుండెను. నాకు ఆ పలుకులకు చిరునవ్వును, దారియు దొరకెను. అదే నగరమున, అట్టి పలుకులకే, నూరేండ్లకు పూర్వము ప్రాణములు పోయెను. భాష రానివాని బ్రతుకు ఎదుటివాని మనస్సుపై ఆధారపడియుండును గదా అని తలచితిని.

ఐదవనాటి సాయంకాలము వసతిగృహమున కూర్చుండియుండగా, వీథిస్తంభము మీది ధ్వనివాహకమునుండి మృదువైన సంగీతము వినబడెను. “ఇది ఏమి పండుగ, అన్నగారూ?” అని అడిగితిని.

“పండుగ కాదు, తమ్ముడూ. భూకంపము, వరద మొదలైన ఆపదలు వచ్చినపుడు హెచ్చరించుటకు ఆ యంత్రమును పెట్టిరి. అది పనిచేయుచున్నదో లేదో ప్రతిదినము ఈ పాటతో పరీక్షింతురు. ఆడుకొను పిల్లలు దీనిని విని ఇండ్లకు పోవుదురు” అని అతడు చెప్పెను.

పిమ్మట అతడు ఒక చిన్న పుస్తకమును నా చేతికిచ్చెను. అది పరదేశీయుల కొరకు ‘సులభ జపనీసు’లో వ్రాసిన ఆపత్కాల సూచనల పుస్తకము. దాని పుట్టుకకు ఒక కారణము కలదు. 1995 జనవరి 17న కోబె నగర ప్రాంతమున భూకంపము వచ్చి 6,400 మందికి పైగా మరణించిరి. అప్పటి ప్రకటనలు కఠినమైన మాటలతో నిండియుండెను. నీరు ఎచ్చట దొరకునో, ఎచ్చటికి పోవలెనో పరదేశీయులలో అనేకులకు తెలియలేదు. ఇది చూచి హిరొసాకి విశ్వవిద్యాలయ పండితులును, వారితోడి భాషావేత్తలును పూనుకొని, ఆపదవేళ చిన్న వాక్యములను, తెలిసిన మాటలను మాత్రమే వాడు పద్ధతిని ఏర్పరచిరి. మన భాషలో చెప్పవలెనన్నచో, ‘సురక్షిత ప్రదేశమునకు తరలుడు’ అనుటకు మారుగా ‘ఎత్తైన చోటికి పరుగెత్తండి’ అనుట వంటిది. మొదటి మాట వినుటకు గంభీరముగా నుండును. రెండవది ప్రాణము నిలుపును.

ఆ వారమున నేను హిరగాన అక్షరములను చాలవరకు నేర్చుకొంటిని. స్టేషను పేర్లను కూడబలుక్కొని చదువుచుంటిని. మొదటి పేరు చదివినపుడు కలిగిన ఆనందము పరీక్షలో ఉత్తీర్ణుడనైనపుడును నాకు కలుగలేదు. అక్షరము వచ్చినకొలది ఆ నగరము నాకు దగ్గరయ్యెను. అక్షరము రాకమునుపు దానిలో నన్ను నిలిపినవి రంగులు, సంఖ్యలు, బొమ్మలు, మనుష్యుల ఓర్పు.

విద్యార్థులారా! మహానగరములను గూర్చి చదువునపుడు గోపురముల ఎత్తును, జనసంఖ్యను మీరు కంఠస్థము చేయుదురు. వానితోపాటు మరియొక ప్రశ్న వేసికొనుడు. చదువురానివాడు, చూపులేనివాడు, పరభాషవాడు, చిన్న పిల్లవాడు ఈ నగరమున ఒంటరిగా నడచి గమ్యము చేరగలడా? టోక్యో వంటి నగరములు ఆ ప్రశ్నకు సమాధానమును ఒక్కదినమున కనుగొనలేదు. నిప్పునుండి, నెత్తుటినుండి, పశ్చాత్తాపమునుండి కొంత కొంతగా నేర్చుకొన్నవి, ఇంకను నేర్చుకొనుచున్నవి. మన ఊళ్లలోను బస్సుస్టాండునందు, ఆసుపత్రియందు, బ్యాంకునందు చేతిలో కాగితము పట్టుకొని, ఎవరిని అడుగుదునా అని చూచుచు నిలుచువారు ప్రతిదినము కనబడుదురు. వారు మిమ్ము అడిగినపుడు కాగితమును అందుకొని, చదివి, దారి చూపుడు. అడుగుటకు జంకుచున్నచో మీరే ముందుగా పలుకరింపుడు.

ప్రశ్నలు

1. టోక్యో రైలుమార్గములలో అక్షరములు తెలియనివానికి తోడ్పడు ఏర్పాట్లను వివరింపుము.
2. రాస్ బిహారీ బోసునకు సోమా దంపతులు చేసిన సహాయమెట్టిది?
3. ‘ఇందిర’ అను ఏనుగు కథను నీ సొంత మాటలలో వ్రాయుము.
4. యొకొఅమిచొ ఉద్యానములోని శిలముందు రచయితకు కలిగిన ఆలోచన ఏమి? దానిని గూర్చి నీ అభిప్రాయమును తెలుపుము.
5. మీ ఊరి బస్సుస్టాండున చదువురానివారికి ఉపయోగపడునట్లు ఏ యే మార్పులు చేయవచ్చును?